పదిహేడో రకం సీసాలు

81వ ఏడు, 112వ రోజు

ఈ పుస్తకంలో ప్రయోగశాల పనులు తప్ప మరేమీ రాయకూడదని నియమం పెట్టింది నేనే. ఆ నియమాన్ని అందరికంటే ముందు తప్పిందీ నేనే. ఇవాళ కూడా తప్పుతాను, ఎందుకంటే నూకమ్మప్పకి కంటి పొర తీశారు.

నూకమ్మప్ప నా సీసాలు చూసే మనిషి. కణాలకి మేత మార్చడం, సీసాలు కడిగి ఉడకబెట్టడం, చలిపెట్టె తాళంచెవి నడుముకి కట్టుకుని తిరగడం ఆమె పని. పదకొండేళ్ళుగా ఒక్క పూట మానలేదు. వయసు నలభై ఆరు. గట్టు అని పిలుచుకునే మా ఊరు మొత్తంలో ఆమె కంటే పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్నారు. మందుల ఆవిరి కంటికి పడదని, ఐదు వారాలు సీసాల వైపు రావద్దని వైద్యుడు చెప్పాడు.

"అయిదు వారాలా? నా పిల్లలు ఏటైపోతారు?" అంది. పిల్లలంటే సీసాలే. ఆమెకి వేరే పిల్లలు లేరు.

"నేను చూసుకుంటానప్పా" అన్నాను.

"నువ్వా!" అంది, కళ్ళకి కట్టు ఉండగానే. ఆ ఒక్క మాటతో నా చదువంతా ఎగిరిపోయింది. "మేత బీరువాలో ఉన్నాది. సలిపెట్టితో నీకు పనుండదులే" అని తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. నేనూ అడగలేదు.

ఆ సీసాల్లో ఉన్నవి పదిహేడో రకం కణాలు. ఇక్కడి సూర్యుడి కిరణాల పోటు రాతిలోంచి కూడా దిగుతుంది. ఇక్కడ పుట్టినవాళ్ళ కణాలు ముప్పై సార్లు రెండుగా చీలి ఆగిపోతాయి. అందుకే ముప్పై ఐదు దాటేసరికి మనిషికి ఎండు మొదలవుతుంది. ముందు చేతులు వణుకుతాయి, తర్వాత చూపు పోతుంది, ఆ తర్వాత ఎక్కువ రోజులుండవు. మా ఆయన జగన్నాథం ముప్పై ఏడేళ్ళకి పోయాడు. నాకిప్పుడు ముప్పై ఎనిమిది. పదిహేడో రకంలో నేను ఒక్క జన్యువుని ఆపాను, చెడిన కణాన్ని చీలనివ్వకుండా కాపలా కాసే జన్యువుని. ఆ కణాలు ఆరేళ్ళుగా ఆగకుండా చీలుతున్నాయి. ఒక్కటీ ఎండలేదు.

190వ రోజున పన్నెండుమంది పిల్లలకి ఆ మార్పుని సూదితో ఎక్కిస్తాం. దాంతో వాళ్ళు ఎనభై ఏళ్ళు బతుకుతారని గట్టుకంతా చెప్పాను. జాబితాలో మొదటి పేరు నా కూతురు వకుళది. దానికి తొమ్మిదేళ్ళు. తన మందు మీద నమ్మకమున్న డాక్టరు ముందు తన బిడ్డకే వేయాలని సభలో గొప్పగా అన్నది నేనే.

81వ ఏడు, 119వ రోజు

నలభై సీసాలకి మేత మార్చడానికి నాకు రెండు గంటలు పట్టింది. అప్పకైతే నలభై నిమిషాలు చాలు. బయటి దుమ్ముని ఆపే గాలి జల్లెడ ఉతికే వంతు కూడా ఇవాళ మా ఇంటిదే. వకుళా నేనూ దుమ్ము దులిపి, దులిపి, ఇద్దరం ఇటుకరంగులోకి తిరిగాం.

ఉతుకుతూ వకుళ గుసగుసగా చెప్పింది, "అమ్మా, పైడితల్లివాళ్ళింట్లో పెరుగు పేరుకోలేదంట."

పైడితల్లి పక్కింటి గవరమ్మ కూతురు, ఎనిమిదేళ్ళది, జాబితాలో రెండో పేరు. గవరమ్మ పంటగదుల పైకప్పు అద్దాలు అతుకుతుంది. గట్టులో ఆ పని వచ్చినవాళ్ళు ముగ్గురే. ఏడాదిగా ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ మాట మేమెవరం పైకి అనం.

"నోరు మూసుకో" అన్నాను వకుళతో. తోడు చెడిన సంగతి పైకి చెప్పుకోవడం మా దగ్గర తప్పు. నక్షత్రాలు దాటి వచ్చిన ఓడలో తెచ్చిన ఒకే ఒక్క కుండలోని తోడు, ఎనభై ఏళ్ళుగా ఇంటింటా మేకపాలలో బతుకుతోంది. ఏ ఇంట్లో అది చచ్చినా ఆ ఇంటి ఆడమనిషికి తల తీసేసినట్టుంటుంది. కాబట్టి తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, రెండు చుక్కలు వాళ్ళ పాలలో వేసి, చప్పుడు చేయకుండా వచ్చేస్తారు. వేసినవాళ్ళు చెప్పరు, వేయించుకున్నవాళ్ళు అడగరు. మర్నాడు పెరుగు పేరుకుంటుంది, అంతే.

సాయంత్రం గవరమ్మ పనిమీద ఉన్నప్పుడు వెళ్ళి వేసి వచ్చాను.

81వ ఏడు, 128వ రోజు

మూడో వరుస సీసాల్లో చీలిక మందగించింది. మేత పాతదేమోనని కొత్తది కలిపాను. నా చేతివాటం మీద నాకెప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

81వ ఏడు, 136వ రోజు

అన్ని వరుసలూ మందగించాయి. తొమ్మిది సీసాల్లో కణాలు పూర్తిగా ఆగిపోయి, అంచులు ముడుచుకుని, అడుగునుంచి ఊడి తేలుతున్నాయి. ఎండిపోయిన మనిషి చర్మంలో ఏం చూస్తానో అదే చూశాను. నీళ్ళు పరీక్షించాను, వేడి పరీక్షించాను, నా చేతులు మోచేతులదాకా తోమి తోమి ఎర్రగా చేసుకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. కణాలు చచ్చిన సీసాల్లో అక్కడక్కడ నల్లటి ముద్దలు కడుతున్నాయి. ఆ ముద్దల్లోని కణాలు చావడం లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి పెరుగుతూనే ఉన్నాయి. ఆరేళ్ళలో ఇలాంటి ముద్ద ఒక్కటీ నా కంటపడలేదు. ఇలాంటివి మనిషి ఒంట్లో పెరిగితే వాటిని కంతులంటారు.

ఆ సీసాలు విడిగా పెట్టి మూతల మీద తేదీ రాశాను.

81వ ఏడు, 141వ రోజు

ప్రతి వారం ఒక గాజుపలక మీద కొన్ని కణాలని అతికించి దాచడం అప్ప అలవాటు. ఆరేళ్ళ పలకలున్నాయి. నేను ఎప్పుడూ కణాల సంఖ్య మాత్రమే లెక్కపెట్టేదాన్ని. క్రోమోజోముల కొసలు కొలవలేదు. కణం చీలిన ప్రతిసారీ ఆ కొసలు కొంచెం అరుగుతాయి, అంటే కణం వయసు అక్కడ తెలిసిపోతుంది. సంఖ్య అంత బాగుంటే కొసలెందుకని ఊరుకున్నాను. అది బద్ధకం కాదు. చూడాలని అనిపించకపోవడం. రెంటికీ తేడా ఉంది, రెండోది ఎక్కువ సిగ్గు.

నాలుగు రోజులుగా కొలుస్తున్నాను. మొదటివారం కొసలు పొడుగు, రెండోవారం పొట్టి, మూడోవారం ఇంకా పొట్టి, నాలుగోవారం మరీ పొట్టి, ఐదోవారం మళ్ళీ పొడుగు. ఆరేళ్ళూ అంతే. నెలకోసారి నా కణాలకి యవ్వనం తిరిగొచ్చింది.

కణం తనంతట తాను పడుచుగా మారదు. ఎవరో పడుచు కణాలు తెచ్చి కలపాలి. పడుచు కణాలు ఉన్నది ఒక్కచోటే, మొదట్లో చేసి చలిపెట్టెలో దాచిన మూడువందల గొట్టాల్లో.

81వ ఏడు, 143వ రోజు

నూకమ్మప్ప గదికి వెళ్ళాను. కంటికట్టు విప్పేశారు. నన్ను చూసి నవ్వింది. "నీ మొకం ఇలగుంటాదా? రెండేళ్ళయింది సరిగ్గా సూసి" అంది.

తాళంచెవి అడిగాను. ఇచ్చింది. వెళ్ళి చూసి వచ్చి, దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను. మూడువందల గొట్టాల్లో పద్నాలుగే మిగిలాయి.

"అప్పా, సీసాల్లో కొత్త కణాలు వేసేదానివా?"

"ఏసీదాన్ని." దాచే ప్రయత్నం కొంచెమైనా లేదు. "నెల తిరిగీసరికి నీరసపడిపోయీవి. రెండు చుక్కలు తోడేత్తే తేరుకునీవి. ఏటమ్మా, నీకు తెల్దా? నాను నీకు తెలుసనుకున్నాను. తెలిసీ అడగలేదనుకున్నాను."

"నల్ల ముద్దలు?"

"అవా. కలక, మడ్డి కదేటి. తీసి పారీసీదాన్ని."

ఎప్పుడు మొదలుపెట్టావని అడిగాను.

"మీ ఆయన పోయిన వారం" అంది. "నువ్వు పది రోజులు రాలేదు. ఆ సీసాలన్నీ తెల్లగయిపోనాయి. చచ్చిపోనాయి తల్లీ, ఒక్కటి మిగల్లేదు. నువ్వు వచ్చి అవి కూడా సూత్తే గుండాగి పోతావేమో అనుకున్నాను. మన తోడు ఎవలింట్లో చెడినా మనం ఊరుకుంటామా?"

ఆమెని కొట్టాలనిపించింది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలనిపించింది. రెండోది చేశాను. ఆమె నా తల నిమురుతూ, తప్పేం చేసిందో ఇంకా తెలియక, "ఏటైనాది, ఏటైనాదమ్మా" అంటూనే ఉంది. చెప్పాను. నేను నమ్మిన బతుకు ఆ సీసాల్లో లేదని, కాపలా తీసేసిన కణాలు పిల్లల ఒంట్లో పడితే మిగిలేది ఆ నల్ల ముద్దలేనని చెప్పాను. ఆమె చెయ్యి నా తలమీద ఆగిపోయింది.

ప్రయోగశాల పుస్తకం కాబట్టి ఫలితం కూడా రాయాలి. తోడు లేకుండా మామూలు కణాలు ముప్పై సార్లు చీలతాయి. నా పదిహేడో రకం ముప్పై ఒకటి.

81వ ఏడు, 150వ రోజు

సభ పెద్ద ముసలినాయుడికి చెప్పాను. ముప్పై నాలుగేళ్ళవాడు. ఓడలో వచ్చిన ముత్తాత పేరు పెట్టారు. ఆ ముత్తాత డెబ్భై ఎనిమిదేళ్ళు బతికాడంటే మా పిల్లలు నమ్మరు.

నాయుడు అంతా విన్నాడు. తర్వాత తలుపు వేసి వచ్చి కూచున్నాడు.

"డాక్టరమ్మ గారూ, ఆ మందు పిల్లలకి ఎయ్యొద్దు. అది సరే. కానీ సూది మానొద్దు. ఉప్పునీళ్ళు ఎయ్యండి."

"ఉప్పునీళ్ళా?"

"ఎవలికీ నట్టం లేదు కదా. మీకు తెలుసు, నాకు తెలుసు, నూకమ్మకి తెలుసు. ఈ ఆరేళ్ళలో గట్టు ఎలగ మారిందో సూడలేదా? జనం మళ్ళీ పెళ్ళిళ్ళు సేసుకుంతన్నారు. పిల్లల్ని కంతన్నారు. ముప్పైయేళ్ళ తర్వాత కదా బయటపడీది. ఈలోపు మీరు నిజం మందే కనిపెట్టొచ్చు. ఆశ సచ్చిపోతే మాత్రం మళ్ళీ పుట్టించలేం."

అతను చెడ్డవాడు కాదు. అతనికీ ఇద్దరు పిల్లలు. ముప్పై ఏళ్ళ తర్వాత బయటపడేసరికి అతనూ ఉండడు, నేనూ ఉండను. ఆలోచిస్తానన్నాను. నిజం చెప్పాలంటే ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు, లోపల ఒప్పేసుకున్నాను. నొప్పి లేని సూది. రెండు చుక్కలు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఇంతకంటే మా గట్టు పద్ధతి ఇంకేముంటుంది?

81వ ఏడు, 158వ రోజు

జల్లెడ ఉతికే వంతు మళ్ళీ వచ్చింది. గవరమ్మ కూడా వచ్చింది, జల్లెడ బట్ట వణికే చేతులతో పిండుతూ. పైడితల్లిని కేకేసింది.

"రావే గుంటా, ఇయ్యాల అద్దం కాల్సడం సూపిత్తాను. నాలుగు రోజులై పిలుత్తన్నాను."

పైడితల్లి వకుళతో గచ్చకాయలాడుతోంది. తల కూడా ఎత్తలేదు. "తర్వాత నేర్సుకుంతానే అమ్మా. బేగేటి? నాకు ఎనభయ్యేళ్ళుంటాయి కదా."

"నాకు లేవే" అంది గవరమ్మ. నవ్వుతూనే అంది. పైడితల్లీ నవ్వింది. ఆట సాగింది.

నేను బట్ట పిండుతూ ఉండిపోయాను. గవరమ్మ చేతులు ఇంకో ఏడాది అద్దం పట్టుకోగలిగితే గొప్ప. ఆ పిల్ల ఆ ఏడాదిని తర్వాతకి వాయిదా వేసేస్తోంది, నా మాట నమ్మి. మా వకుళ కూడా అంతే. నాన్న గొంతు దాచిన పెట్టె వినమంటే, "పెద్దయ్యాక వింటానమ్మా, బోలెడు టైముంది" అంటుంది. ఉప్పునీళ్ళ వల్ల నష్టం లేదన్నాడు నాయుడు. నష్టం అప్పుడే మొదలైంది. ఆరేళ్ళుగా జరుగుతోంది.

81వ ఏడు, 163వ రోజు

ఉదయం సభ పెట్టించాను. సుమారు మూడువందలమంది వచ్చారు. తొలి సూదుల గురించి చెబుతాననుకుని కొందరు పిల్లలకి తలంట్లు పోసి తెచ్చారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదిహేడో రకం కణాలు బతకలేదు, వాటిలో నెలనెలా కొత్త కణాలు కలిశాయి, వాటి ముద్దల్ని తీసేశారు, నేను చూడాల్సింది చూడలేదు. సూదులు లేవు. ఇప్పుడున్న పిల్లలకి నా దగ్గర మందు లేదు. బహుశా నా జీవితంలో ఉండదు.

"ఎవలు కలిపీరు?" అని వెనకనుంచి ఒకతను అరిచాడు.

"నా గది. నా సీసాలు. తప్పు నాది" అన్నాను. ఆ జవాబు ముందే తయారుచేసుకున్నాను.

నూకమ్మప్ప మూడో వరుసలో లేచి నిలబడింది. కొత్త కళ్ళతో అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. "నానే ఏసినాను. ఆ గుంట ఏడుత్తాదని ఏసినాను" అని మళ్ళీ కూచుంది. ఆమె పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగారు.

గవరమ్మ మాత్రం నా దగ్గరదాకా వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, అది ఎండు వల్లో కోపం వల్లో నాకు తెలియలేదు.

"అయితే నా పిల్లకి నలభయ్యేళ్ళేనా వదినా?"

"నలభై" అన్నాను. "అంతకంటే ఎక్కువ నేను చెప్పలేను."

"మరి ఎనభయ్యని ఎందుకు సెప్పినావు?"

ఆమె పైడితల్లి రెక్క పుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల జుట్టుకి తలంటు తడి ఇంకా ఆరలేదు.

81వ ఏడు, 170వ రోజు

వారంగా వీధిలో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. మేకపాలు పోసే మనిషి గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతున్నాడు. నూకమ్మప్ప నిన్న తాళంచెవి తెచ్చి నా బల్లమీద పెట్టి, సీసాలు కడగడం మొదలుపెట్టింది. నేను తాళంచెవి తీసుకున్నాను, పొమ్మనలేదు. ఇద్దరం నలభై సీసాలూ కడిగి, ఉడకబెట్టి, ఆరబోశాం. పద్దెనిమిదో రకం మొదలుపెట్టాలి. ఈసారి కాపలా జన్యువు జోలికి పోను. ప్రతి వారం కొసలు కొలుస్తాను. సీసా చస్తే చచ్చిందని రాస్తాను.

వకుళని ఇంట్లో కూచోబెట్టి అంతా చెప్పాను. అది ఏడవలేదు. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత, నాన్న పెట్టె ఇప్పుడు విందామా అంది. విన్నాం. జగన్నాథం జల్లెడ ఉతకడం గురించి విసుక్కుంటున్నాడు అందులో. ఇద్దరం నవ్వాం, తర్వాత నేను ఏడిచాను.

ఈ గొడవలో పెరుగు గిన్నె మర్చిపోయాను. ఇవాళ మూత తీస్తే బూజు. ఎనభై ఏళ్ళ తోడు నా ఇంట్లో చచ్చింది. ఆ బూజు గిన్నె వీధి గుమ్మంలోనే తోమాను. అయినా పొద్దుటిపాలు కాచి, అలవాటుకొద్దీ గిన్నెలో పోసి, అల్మరాలో పెట్టాను. వకుళని వెంటబెట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళి సాయంత్రందాకా అక్కడే ఉన్నాం. ఈ వీధిలో నాకు తోడు వేయడానికి ఎవరొస్తారు?

81వ ఏడు, 171వ రోజు

ఉదయం వకుళ అల్మరా తెరిచి, "అమ్మా!" అని కేకేసింది.

గిన్నెలో పెరుగు. గట్టిగా, పైన మీగడతో. గుమ్మంనుంచి అల్మరాదాకా గచ్చుమీద మజ్జిగ చుక్కలు ఎండి ఉన్నాయి. రెండు చుక్కలు వేయడానికి వచ్చిన మనిషి చేతిలో గిన్నె ఎంత వణికిందో, దారి పొడుగునా ఒలికింది.

వకుళ ఆ చుక్కల వెంబడి గుమ్మందాకా వెళ్ళి, పక్కింటి తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది. లోపలినుంచి గాజు కాల్చే మంట చప్పుడు, "అలగ కాదే, సెయ్యి తిన్నగా ఎట్టు" అనే గొంతు వినబడుతున్నాయి.

"అమ్మా, అత్త..."

"అడక్కూడదు" అన్నాను. "కూచో. తిను."

ఇద్దరం తిన్నాం. కొంచెం పులిసింది, బాగుంది. తర్వాత రెండు చెంచాలు వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టి, గచ్చు తుడిచి, పనికి వెళ్ళాను.